50 కెల్విన్ దగ్గర బంప్: ఒక రాగి ఆక్సైడ్ స్ఫటికం కేస్ స్టడీ

ఈ కేసులో మా ముందుకు వచ్చింది ఒక స్ట్రాన్షియం క్యుప్రేట్ స్ఫటికం. రెండు స్ట్రాన్షియం, ఒక రాగి, మూడు ఆక్సిజన్ పరమాణువుల లెక్కన కట్టుకున్న ఆక్సైడ్ ఇది. నల్లగా, చిటికెన వేలి గోరంత ముక్క. పెంచింది మేం కాదు. వేరే సంస్థలోని ఒక బృందం ఫ్లోటింగ్ జోన్ ఫర్నేస్‌లో పెంచి, ఒక ముక్క కోసి, తమ మాగ్నెటోమీటర్‌లో కొలిచి, గ్రాఫ్‌తో సహా మాకు పంపింది.

గ్రాఫ్‌లో 300 కెల్విన్ నుంచి 2 కెల్విన్ దాకా ససెప్టిబిలిటీ ఉంది. బయటి నుంచి అయస్కాంత క్షేత్రం పెడితే స్ఫటికం ఎంత స్పందిస్తుందన్న కొలత అది. పైనుంచి 80 కెల్విన్ దాకా దాదాపు చదునైన గీత. 50 దగ్గర ఒక బంప్. 20 కిందికి దిగేసరికి గీత నిట్టనిలువుగా పైకి లేస్తోంది. దీనికి వాళ్లు డ్రాఫ్టులో రాసుకున్న అర్థం ఇదీ: 50 దగ్గర యాంటీఫెర్రోమాగ్నెటిక్ క్రమం (పరమాణువుల్లోని చిన్న అయస్కాంతాలు, అంటే స్పిన్‌లు, పక్కదానికి ఎదురుగా నిలబడే అమరిక) మొదలవుతోంది, 5 కెల్విన్ కింద ఫెర్రోమాగ్నెటిక్ భాగం (అవన్నీ ఒకే వైపు తిరిగేది) కూడా తలెత్తుతోంది. గది ఉష్ణోగ్రత దగ్గర తీసిన లూపు (క్షేత్రాన్ని పెంచుతూ, తగ్గిస్తూ గీసే మాగ్నెటైజేషన్ గీత) కూడా సన్నగా తెరుచుకుని ఉంది. దాన్ని "బలహీన ఫెర్రోమాగ్నెటిజం" అని ఒక వాక్యంలో చెప్పి వదిలేశారు. మమ్మల్ని అడిగింది రెండు పనులు: ఇంకో మెషీన్ మీద దీన్ని నిర్ధారించడం, కుదిరితే న్యూట్రాన్ ప్రయోగానికి ప్రపోజల్ రాయడంలో సాయపడటం.

స్ఫటికం తెచ్చిన రీసెర్చ్ స్కాలర్ ఆ బంప్ మీద చాలా ఆశ పెట్టుకుంది. "సార్, రెండుసార్లు కొలిచాం, రెండుసార్లూ అక్కడే వచ్చింది" అంది. "రెండుసార్లూ ఎత్తు ఒకటేనా అమ్మా?" అని అడిగాను. ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచి రెండు ఫైళ్లూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించింది. చోటు అదే, ఎత్తు మాత్రం దాదాపు రెండింతల తేడా. స్ఫటికంలో నిజంగా పుట్టిన క్రమానికి అలా ఎత్తు మారడానికి కారణం ఉండదు. ఈ కేసు విప్పడం అక్కడ మొదలైంది.

గొలుసు ఎందుకంత ఆలస్యంగా కుదురుకుంటుంది

కొలతల్లోకి వెళ్లేముందు ఈ పదార్థం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఇందులో నిజమైన సిగ్నల్ ఎంత ఉండాలో తెలియకపోతే, వచ్చిన సిగ్నల్ ఎక్కడిదో పోల్చుకోలేం.

రాగి అయాన్‌లో డి కక్ష్యల్లో తొమ్మిది ఎలక్ట్రాన్లుంటాయి, పదోది ఖాళీ. ఆ ఒక్క ఖాళీ వల్ల ప్రతి రాగికీ సగం స్పిన్ మిగులుతుంది. రెండు రాగి అయాన్ల మధ్య ఆక్సిజన్ తిన్నగా, 180 డిగ్రీల కోణంలో కూర్చుంటే, ఆ ఆక్సిజన్ ద్వారా పక్క పక్క స్పిన్‌లు ఎదురెదురు దిశల్లో నిలబడాలని గట్టిగా పట్టుబడతాయి. స్ట్రాన్షియం క్యుప్రేట్‌లో ఈ పట్టు చాలా గట్టిది. ససెప్టిబిలిటీ కొలతలను బట్టి దాని విలువ, ఉష్ణోగ్రత లెక్కలో చెప్తే, సుమారు 2200 కెల్విన్. న్యూట్రాన్‌లతో నేరుగా కొలిస్తే ఇంకా ఎక్కువే, 240 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల, అంటే దాదాపు 2800 కెల్విన్ దరిదాపుల్లో వచ్చింది.

దీన్ని లాంథనం క్యుప్రేట్ పక్కన పెట్టి చూడండి. అక్కడ రాగి, ఆక్సిజన్ కలిసి పలకలుగా, నాలుగు వైపులా అల్లుకుని ఉంటాయి. పట్టు సుమారు 1500 కెల్విన్, మన స్ఫటికం కన్నా తక్కువ. అయినా శుద్ధమైన స్ఫటికంలో 325 కెల్విన్ దగ్గరే, అంటే గది వేడిలోనే స్పిన్‌లు క్రమంలోకి వచ్చేస్తాయి. క్రమంలో నిలిచిన ఒక్కో రాగి మొమెంట్ (అయస్కాంత బలం), పరమాణు అయస్కాంతాలను కొలిచే ప్రమాణంలో, 0.6 బోర్ మాగ్నెటాన్‌ల వరకూ ఉంటుంది. మామూలు నల్ల కాపర్ ఆక్సైడ్ కూడా 230 కెల్విన్ దగ్గర ఒకసారి, 213 దగ్గర ఇంకోసారి మారి స్థిరపడుతుంది. ఎక్కువ పట్టున్న మన స్ఫటికం మాత్రం 5.4 కెల్విన్ దాకా ఆగుతుంది. అప్పుడు కూడా క్రమంలో నిలిచే మొమెంట్ 0.06 బోర్ మాగ్నెటాన్ మాత్రమే. ఇది మ్యూయాన్ (ఎలక్ట్రాన్ లాంటిదే కానీ బరువైన, త్వరగా నశించే కణం), న్యూట్రాన్ కొలతలతో 1997లో ప్రచురితమైన విలువ. దీని తోబుట్టువు లాంటి కాల్షియం క్యుప్రేట్‌లో క్రమం 9 కెల్విన్ దగ్గర వస్తుంది, మొమెంట్ ఒకటిన్నర రెట్లు ఉంటుంది.

కారణం అమరికలో ఉంది. లాంథనం క్యుప్రేట్ పలకల్లోంచి ఒక దిశలో ఉన్న ఆక్సిజన్‌ల వరుసలన్నీ తీసేస్తే మిగిలేది స్ట్రాన్షియం క్యుప్రేట్ అమరికే. చతురస్రాలు మూలలు కలుపుకుంటూ ఒకే దిశలో సాగే గొలుసులవుతాయి. పక్క గొలుసుతో సంబంధం దాదాపు తెగిపోతుంది. హాన్స్ బేథే 1931లోనే ఇలాంటి ఒంటి గొలుసుకు కచ్చితమైన పరిష్కారం రాశాడు. సగం స్పిన్‌ల ఒంటి గొలుసు పరమ శూన్య ఉష్ణోగ్రత దగ్గర కూడా నిలకడైన క్రమంలోకి రాదు. పక్క స్పిన్‌కి ఎదురు నిలబడుతుంది, దాని పక్కదానికీ అంతే, కానీ దూరం పెరిగే కొద్దీ ఆ పొందిక పలచబడిపోతుంది. గొలుసుల మధ్య మిగిలిన సన్నటి సంబంధం వల్లే చివరికి 5.4 దగ్గర క్రమం వస్తుంది. పట్టుకీ, క్రమం వచ్చే ఉష్ణోగ్రతకీ మధ్య 400 రెట్ల తేడా. రాగి ఆక్సైడ్‌లన్నిట్లో నాకు ఇంత ఇష్టమైన అంకె ఇంకోటి లేదు. ఒక స్ఫటికం ఒంటి గొలుసు ఆదర్శానికి ఎంత దగ్గరగా ఉందో అది చెప్పేస్తుంది.

ఇక సిగ్నల్ లెక్క. ఒంటి గొలుసుకు కిందిస్థాయి ఉష్ణోగ్రతల్లో ససెప్టిబిలిటీ సున్నాకు పోదు, ఒక చిన్న స్థిర విలువకు చేరుతుంది. 2200 కెల్విన్ పట్టుతో, జీ విలువ (క్షేత్రానికి స్పిన్ ఎంత స్పందిస్తుందో చెప్పే గుణకం) 2.1 అనుకుని లెక్కేస్తే మోల్‌కి 7.6×10⁻⁵ ఈఎంయూ (ససెప్టిబిలిటీ కొలిచే ప్రమాణం) వస్తుంది. గొలుసు ఇవ్వగలిగిందంతా అదే. లోపలి ఎలక్ట్రాన్ల డయామాగ్నెటిజం (క్షేత్రానికి ఎదురు దిశలో వచ్చే బలహీన స్పందన) ఇంచుమించు అంతే పరిమాణంలో, వ్యతిరేక గుర్తుతో ఉంటుంది. రెండూ దాదాపు కొట్టేసుకుంటాయి. వాన్ వ్లెక్ భాగం (ఎలక్ట్రాన్ కక్ష్యల నుంచి వచ్చే, ఉష్ణోగ్రతతో మారని స్పందన) కొంత తోడవుతుంది, అది కూడా క్షేత్రం ఏ అక్షం వెంట పెట్టామన్నదాన్ని బట్టి మారుతుంది. అంటే స్ఫటికం నుంచి రావాల్సిన మొత్తం స్పందనే బాగా చిన్నది.

ఇప్పుడు వెయ్యి రాగి అయాన్లలో ఒక్కటి గొలుసుతో సంబంధం లేకుండా విడిగా ఉందనుకోండి. అలాంటి స్వేచ్ఛా స్పిన్‌లు ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ ఎక్కువ స్పందిస్తాయి. 5.4 కెల్విన్ దగ్గర ఆ వెయ్యిలో ఒక వంతు ఇచ్చే ససెప్టిబిలిటీ 7.7×10⁻⁵. గొలుసు మొత్తం ఇచ్చే దానికి సమానం! సరిగ్గా మనం క్రమాన్ని వెతకాల్సిన చోట, వెయ్యికి ఒక్క చెడ్డ స్పిన్ మిగతా 999 స్పిన్‌ల గొంతుతో సమానంగా అరుస్తుంది. 2 కెల్విన్‌కి వెళ్తే దాదాపు మూడింతలు అరుస్తుంది. వాళ్ల గ్రాఫ్‌లో 20 కింద నిలువుగా లేచిన గీతను ఈ లెక్క పక్కన పెట్టి చూడగానే ఫెర్రోమాగ్నెటిజం మాట మీద నమ్మకం పోయింది.

లూపు, బంప్: త్వరగా తేలినవి

గది ఉష్ణోగ్రత లూపు ముందు తేల్చాం, ఎందుకంటే దానికి హీలియం ఖర్చు లేదు. హీలియం అంతా దిగుమతే కాబట్టి మా ల్యాబ్‌లో వేడి కొలతలన్నీ ముగిశాకే చల్లబరచడం అలవాటు. 300 కెల్విన్ దగ్గర ఈ స్ఫటికం ఇవ్వాల్సింది తిన్నటి గీత. లూపు తెరుచుకుందంటే ఎక్కడో ఇనుము ఉంది. స్ఫటికం అంచు ఒకటి స్టీల్ బ్లేడుతో చీల్చినట్టుందని మైక్రోస్కోప్ కింద కనిపించింది. ఆ అంచుని సిలికాన్ కార్బైడ్ కాగితంతో అరగదీసి, పలచటి ఆమ్లంలో ఒక్క క్షణం ముంచి తీసి, ప్లాస్టిక్ పట్టకారుతోనే పట్టుకుని మళ్లీ కొలిస్తే లూపు మూసుకుపోయింది. పొడి మిల్లు నుంచి గానీ, బ్లేడు నుంచి గానీ కంటికి కనిపించని ఇనుప రజను అంటుకుంటే ఇంత చిన్న సిగ్నల్‌లో అది కొండంత కనిపిస్తుంది. అరగదీయడం కుదరని ముక్కలకు హోండా-ఓవెన్ పద్ధతి ఉంది: వేర్వేరు క్షేత్రాల్లో కొలిచి, క్షేత్రం విలోమానికి ఎదురుగా గీసి, అనంత క్షేత్రం వైపు పొడిగిస్తే ఇనుము వాటా జారిపోతుంది.

50 కెల్విన్ బంప్ ఆక్సిజన్‌ది. స్ఫటికంలో ఉన్న ఆక్సిజన్ కాదు, శాంపిల్ చుట్టూ చిక్కుకున్న గాలిలోది. ఆక్సిజన్ అణువుకు సొంత స్పిన్ ఉంది. 90 కెల్విన్ దగ్గర ద్రవమై, 54 దగ్గర గడ్డకట్టి, 44 దగ్గర ఒకసారి, 24 దగ్గర ఇంకోసారి అమరిక మార్చుకుంటుంది. చివరి దశలో అదే ఒక యాంటీఫెర్రోమాగ్నెట్. మాగ్నెటోమీటర్‌లో శాంపిల్‌ని జెలటిన్ క్యాప్సూల్‌లో పెట్టి స్ట్రాలో దించుతారు. క్యాప్సూల్‌కి రంధ్రం పొడవకపోతే లోపల గాలి బందీ అవుతుంది. చాంబర్‌ని ఎన్నిసార్లు హీలియంతో కడిగినా ఆ గాలి బయటికి రాదు. ప్రతిసారీ చిక్కే గాలి వేరు కాబట్టి బంప్ ఎత్తు మారుతుంది. ఆ అమ్మాయి చూపించిన రెండు ఫైళ్ల మధ్య తేడా సరిగ్గా ఇదే.

మేం క్యాప్సూల్ మానేసి, స్ఫటికాన్ని క్వార్ట్జ్ పుల్ల మీద కొద్దిపాటి వార్నిష్‌తో అంటించి, గది ఉష్ణోగ్రత దగ్గరే చాంబర్‌ని హీలియంతో పదేపదే కడిగి, 120 కెల్విన్ దగ్గర కాసేపు ఆపి మళ్లీ పంప్ చేసి దించాం. బంప్ లేదు. ఇంకో లాభం కూడా కలిగింది. క్యాప్సూల్ డయామాగ్నెటిజం 50 మిల్లీగ్రాముల ఈ స్ఫటికం గొలుసు సిగ్నల్‌తో సమాన స్థాయిలో ఉంటుంది. అది పక్కన ఉన్నంతకాలం మొత్తం మొమెంట్ ఒకచోట సున్నాని దాటుతుంది. అలాంటప్పుడు మెషీన్ సాఫ్ట్‌వేర్ శాంపిల్ మధ్యబిందువుని తనంతట తాను వెతుక్కుంటే తప్పు చోటు పట్టుకుంటుంది, గీతలో లేని మలుపు పుడుతుంది. ఇంత చిన్న మొమెంట్‌లకు మధ్యబిందువుని స్థిరంగా బిగించే కొలవాలి. వాళ్ల మొదటి ఫైలులో 110 దగ్గర కనిపించిన చిన్న మెట్టు కూడా దీనివల్లే వచ్చిందని నా అభిప్రాయం.

అసలు కష్టం: కిందికి దిగాక లేచే గీత

నిలువుగా లేచే గీత మాత్రం పోలేదు. పోకూడదు కూడా, అది స్ఫటికం లోపలిది. ప్రశ్న ఏమిటంటే, అది క్రమమా, స్వేచ్ఛా స్పిన్‌ల గోలా?

వాళ్ల వాదనలో బలం ఒకటుంది. 2 కెల్విన్ దగ్గర క్షేత్రం పెంచుతూ పోతే మాగ్నెటైజేషన్ గీత వంగి, చదునుగా మారుతోంది. ఫెర్రోమాగ్నెట్ అలాగే చేస్తుంది. కానీ సగం స్పిన్‌లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉన్నా అలాగే చేస్తాయి. 2 కెల్విన్, 7 టెస్లాల దగ్గర స్వేచ్ఛా స్పిన్‌లు 98 శాతం పైగా క్షేత్రం వైపు తిరిగిపోయి ఉంటాయి. వంపు ఒక్కటే చూసి తీర్పు చెప్పలేం.

రెండింటినీ విడదీసే పరీక్ష తేలికైనదే. స్వేచ్ఛా స్పిన్‌లకు క్షేత్రం, ఉష్ణోగ్రతల నిష్పత్తి మాత్రమే ముఖ్యం. 2 కెల్విన్, 2 టెస్లా దగ్గర ఎంత తిరుగుతాయో 4 కెల్విన్, 4 టెస్లా దగ్గరా అంతే తిరుగుతాయి. ఫెర్రోమాగ్నెట్‌కి ఆ సమానత్వం ఉండదు. మేం నాలుగు ఉష్ణోగ్రతల్లో గీతలు తీశాం. ముందు ఒక్కో గీతలోంచి గొలుసుదైన సరళరేఖ భాగాన్ని తీసేశాం. ఇది మర్చిపోతే గీతలు ఎన్నటికీ కలవవు, ఎందుకంటే 7 టెస్లాల దగ్గర గొలుసు వాటా వెయ్యికి ఒక స్వేచ్ఛా స్పిన్ వాటాతో పోటీపడుతుంది. మిగిలినదాన్ని నిష్పత్తికి ఎదురుగా గీస్తే నాలుగూ ఒకే గీత మీద పడ్డాయి. ఫెర్రోమాగ్నెటిజం అక్కడితో కేసులోంచి బయటికి పోయింది.

ఆ చదునైన ఎత్తు నుంచి స్వేచ్ఛా స్పిన్‌లు ఎన్నున్నాయో నేరుగా వస్తుంది. క్షేత్రం తక్కువగా పెట్టి, లేచే గీతకు క్యూరీ ఫిట్ (ఉష్ణోగ్రతకు విలోమంగా పెరిగే గీతతో సరిపోల్చడం) వేస్తే అదే అంకె ఇంకో దారిలో వస్తుంది. మాకు రెండూ వెయ్యికి రెండు, మూడు మధ్య వచ్చాయి. కానీ ఫిట్ విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి, దీన్ని చాలామంది పట్టించుకోరు. వాళ్ల డ్రాఫ్టులో 2 నుంచి 150 కెల్విన్ దాకా ఒకే క్యూరీ ఫిట్ వేశారు. ఈ పదార్థంలో అది చెల్లదు.

ఎందుకంటే ఇక్కడ స్వేచ్ఛా స్పిన్ అంటే ఎక్కడో దూరంగా పడి ఉన్న మలినం కాదు. స్ఫటికం పెరిగేటప్పుడు లెక్కకు మించి చొరబడిన ఆక్సిజన్ గొలుసుని అక్కడక్కడ తెంపుతుంది. తెగిన ముక్కలో రాగి అయాన్లు సరి సంఖ్యలో ఉంటే స్పిన్‌లు జతకట్టి మౌనంగా ఉండిపోతాయి. బేసి సంఖ్యలో ఉంటే ఒక సగం స్పిన్ మిగిలిపోతుంది. సగటున సగం ముక్కలు బేసివి. కాబట్టి వెయ్యికి ఒక స్వేచ్ఛా స్పిన్ కనిపించిందంటే, వెయ్యికి రెండు చోట్ల గొలుసు తెగిందని అర్థం. ఒక్కో ముక్కలో సగటున 500 రాగి అయాన్లుంటాయి. పక్క పక్క రాగి అయాన్ల దూరం 3.9 ఆంగ్‌స్ట్రామ్‌లు, కాబట్టి ముక్క పొడవు 0.2 మైక్రోమీటర్. మా శాంపిల్‌లో అంతకన్నా పొట్టివే.

ఆ మిగిలిన స్పిన్ ఒక్క రాగి మీద కూర్చోదు, ముక్కంతా పరుచుకుని ఉంటుంది. ముక్క పొడవుని బట్టి ఒక శక్తి అంతరం ఉంటుంది. 500 అయాన్ల ముక్కకి అది ఇరవై కెల్విన్‌ల స్థాయిది. ఆ పైన ఉష్ణోగ్రతలో ముక్క తెగినట్టే తెలియదు, పొడవాటి గొలుసులానే ప్రవర్తిస్తుంది. కింద మాత్రం బేసి ముక్క ఒక్క సగం స్పిన్‌లా మాట్లాడుతుంది. అందుకే గ్రాఫ్ కింది కొసలో లేచే ఈ తోక స్వచ్ఛమైన క్యూరీ గీత కాదు. 10 కెల్విన్ కింద వేసిన ఫిట్, 100 కెల్విన్ దాకా వేసిన ఫిట్ వేర్వేరు అంకెలిస్తాయి. పలాడియంతో కావాలని గొలుసులు తెంపిన స్ఫటికాల మీద జరిగిన పనిలో ఇది స్పష్టంగా తేలింది. చాలామంది దీన్ని "మలినం తోక" అని తీసేసి పక్కన పెడతారు. నాకు మాత్రం ఆ తోకలోనే గొలుసు కొసల భౌతికశాస్త్రం ఉందనిపిస్తుంది. తీసేసేముందు దాన్ని చదవాలి.

తెగింది ఆక్సిజన్ వల్లే అయితే ఆక్సిజన్ తీసేస్తే అతుక్కోవాలి. జపాన్‌లో 1996లో ప్రచురితమైన పనిలో స్ఫటికాలను ఆర్గాన్‌లో ఎనీల్ చేసి (కరగకుండా వేడిమీద ఉంచి) ఈ తోకని బాగా తగ్గించారు. అలా తగ్గించాకే గొలుసు ససెప్టిబిలిటీలో సిద్ధాంతం ముందే చెప్పిన లాగరిథమిక్ వంపు బయటపడింది. మేమూ స్ఫటికాన్ని రెండు ముక్కలు చేశాం. ఒకటి ఆర్గాన్ ప్రవాహంలో ఎనీల్ చేసి, రెండోది వచ్చినట్టే ఉంచాం. ఎనీల్ చేసిన ముక్కలో తోక సగానికి పైగా పడిపోయింది. మిగిలినది ఆక్సిజన్‌ది కాదనుకుంటున్నాను. మొదట వాడిన కాపర్ ఆక్సైడ్, స్ట్రాన్షియం కార్బొనేట్‌ల శుద్ధత అడిగితే, 99 శాతానిదని చెప్పారు. ఇదే కుటుంబంలోని జంట గొలుసుల స్ట్రాన్షియం క్యుప్రేట్‌లో మూలపదార్థాల శుద్ధత 99 నుంచి 99.99 శాతానికి పెంచితే గొలుసు వెంట ఉష్ణం ప్రవహించే తీరే మారిపోయిందని 2010 నాటి కొలతలున్నాయి. స్పిన్‌ల అలలు గుద్దుకోకుండా అంత దూరం పోగలిగాయి. శుద్ధత ఖరీదు చూసి వెనకాడే విద్యార్థులకు నేను ముందుగా చూపించేది ఆ గ్రాఫే.

ఇంకో సంగతి, ఎనీల్ చేశాక ఆ ముక్కని గాలిలో వదలకూడదు. స్ట్రాన్షియం క్యుప్రేట్‌కి తేమ పడదు. వానాకాలంలో బల్ల మీద పెట్టి వదిలేస్తే మెరుపు పోయి పైన పొర కడుతుంది, ఆ పొరలో కొత్త స్వేచ్ఛా స్పిన్‌లు పుడతాయి. వాళ్ల ముక్క మామూలు ప్లాస్టిక్ డబ్బాలో వచ్చింది. మొదటి కొలతకి ముందే పై పొర చెక్కేయాల్సి వచ్చింది.

5.4 కెల్విన్ ఎక్కడ

ఇంత శుభ్రం చేశాక కూడా 5.4 దగ్గర గీతలో ఏ మలుపూ లేదు. స్కాలర్ నిరాశపడింది, నేను పడలేదు. క్రమంలోకి వచ్చే మొమెంట్ 0.06 మాత్రమే. పైగా క్రమం వచ్చేసరికి స్పిన్‌లలో మిగిలిన గందరగోళం కూడా దాదాపు అయిపోయి ఉంటుంది. సగం స్పిన్‌ల మొత్తం ఎంట్రోపీ మోల్‌కి 5.76 జౌల్/కెల్విన్. ఒంటి గొలుసు లెక్క ప్రకారం 5.4 దగ్గరికి వచ్చేసరికి అందులో మిగిలేది 0.014 మాత్రమే, అంటే పావు శాతం. మిగతాదంతా ఎంతో పైన, వందల కెల్విన్‌లలో, పక్క పక్క స్పిన్‌లు పొందిక కుదుర్చుకుంటున్నప్పుడే ఖర్చయిపోయింది. అందుకే హీట్ కెపాసిటీలో కూడా పెద్ద శిఖరం ఆశించకూడదు. లాటిస్ (పరమాణువుల అల్లిక) కంపనాల ఉష్ణమే అక్కడ దానికన్నా ఎక్కువ. ఆ ఉష్ణోగ్రత దగ్గర ఈ రెండు కొలతలతో క్రమాన్ని పట్టుకోవాలనుకోవడం జాతరలో మైకు పక్కన నిలబడి గుసగుస వినాలనుకోవడమే.

న్యూట్రాన్‌లతోనూ సులువు కాదు. డిఫ్రాక్షన్ తీవ్రత మొమెంట్ వర్గాన్ని బట్టి ఉంటుంది. లాంథనం క్యుప్రేట్ మొమెంట్‌లో పదో వంతు అంటే తీవ్రతలో నూరో వంతు. పెద్ద స్ఫటికం, బలమైన న్యూట్రాన్ ప్రవాహం, చాలా గంటల బీమ్ టైమ్ కావాలి. ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్ దగ్గర ఎన్నో ఆక్సైడ్‌ల అయస్కాంత అమరికలు తేలాయి. కానీ ఈ చిన్న ముక్కతో, ఈ మొమెంట్‌కి అక్కడ బీమ్ టైమ్ అడగడం సబబు కాదని వాళ్లకు చెప్పాను.

సరైన పరికరం మ్యూయాన్. స్పిన్ అంతా ఒకే దిశలో ఉన్న మ్యూయాన్‌లను స్ఫటికంలోకి పంపితే అవి ఆక్సిజన్ పక్కన ఆగుతాయి. అక్కడున్న క్షేత్రం చుట్టూ వాటి స్పిన్ తిరుగుతుంది. 2.2 మైక్రోసెకన్ల సగటు ఆయుష్షు తీరాక పాజిట్రాన్‌ని ఎక్కువగా తమ స్పిన్ దిశలోనే వదిలి పోతాయి. ఆ పాజిట్రాన్‌లు లెక్కపెడితే లోపలి క్షేత్రం తెలుస్తుంది. బయటి క్షేత్రం అక్కర్లేదు, కాబట్టి స్వేచ్ఛా స్పిన్‌లను రెచ్చగొట్టేదీ ఏమీ లేదు. కొద్ది గాస్‌ల క్షేత్రాన్ని కూడా పట్టేస్తుంది. పైగా ప్రతి మ్యూయాన్ తన పరిసరాన్ని మాత్రమే చూస్తుంది కాబట్టి, స్ఫటికంలో ఎంత భాగం క్రమంలోకి వచ్చిందో విడిగా తెలుస్తుంది. వెయ్యికి రెండు చెడ్డ స్పిన్‌లున్నా మిగతా భాగం గొంతు మునిగిపోదు. స్ట్రాన్షియం క్యుప్రేట్‌లో 5 కెల్విన్ దగ్గరి క్రమం 1990ల మొదట్లో కనిపించింది కూడా మ్యూయాన్‌లతోనే. మన దేశంలో అలాంటి బీమ్ లేదు. స్విట్జర్లాండ్‌లోని పాల్ షేరర్ ఇన్‌స్టిట్యూట్, ఇంగ్లండ్‌లోని ఐసిస్, జపాన్‌లోని జె-పార్క్, కెనడాలోని ట్రయంఫ్, వీటిలో ఒకదానికి ప్రపోజల్ పెట్టాల్సిందే.

ఆ బృందానికి మేం ఇచ్చిన రిపోర్టులో 50 కెల్విన్ వాదన, ఫెర్రోమాగ్నెటిక్ వాదన రెండూ డ్రాఫ్టులోంచి తీసేయమని రాశాం. బదులుగా తోక మీద రాయమన్నాం: ఎనీల్‌కి ముందు, తర్వాత తెగిన ముక్కల సగటు పొడవు ఎంత, ఫిట్ పరిధి మారిస్తే అంకె ఎలా మారుతోంది, ఈ రెండూ వాళ్ల చేతిలో ఉన్న డేటాతోనే వస్తాయి. ఆ అమ్మాయి మొదట మౌనంగా ఉండిపోయినా, మర్నాడే ఫిట్‌లన్నీ 10 కెల్విన్ కిందికి దించి మళ్లీ వేసుకుని వచ్చింది. వచ్చిన అంకెలు లూపుల నుంచి మాకొచ్చినవాటితో కలిశాయి.

మ్యూయాన్ ప్రపోజల్ ఇప్పుడు ఇద్దరం కలిసి రాస్తున్నాం. అందులో ఎనీల్ చేసిన ముక్కతో పాటు చేయనిదాన్ని కూడా పంపుతున్నాం. గొలుసులు తెగితే క్రమం వచ్చే ఉష్ణోగ్రత వేగంగా పడిపోతుందని పలాడియం కలిపిన స్ఫటికాల్లో ఇప్పటికే చూశారు. ఒకే స్ఫటికం నుంచి వచ్చిన రెండు ముక్కలు, ఒకే రకం మూలపదార్థాలు, తేడా ఆక్సిజన్ ఒక్కటే. అధిక ఆక్సిజన్ కూడా పలాడియం లాగే క్రమాన్ని కిందికి తోస్తుందా, లేక గొలుసుకి రంధ్రాలు (ఎలక్ట్రాన్ ఖాళీలు) కలిపి వేరేగా చెడగొడుతుందా అన్నది ఆ రెండు ముక్కల మధ్య తేడాలోంచే రావాలి. రెండింటినీ ఆర్గాన్ నింపిన గాజు గొట్టాల్లో సీల్ చేసి, ఏ ముక్క ఏ అక్షం వెంట కోసిందో గొట్టం మీదే రాసి పెట్టాం.